బండ మీద రెండు చక్రాలు

స్కాట్లాండ్ శిఖరాల నుంచి నేపాల్ కనుమల దాకా తీసిన కొండ సైకిళ్ల వీడియోలు ఇవాళ హోసూరు, కృష్ణగిరి కుర్రాళ్ల ఫోన్లలో తిరుగుతున్నాయి. వాటిలో ఏవి చూడదగ్గవి? బండల గుట్టల మధ్య పెరిగిన మనకు అవి ఏం చూపిస్తాయి?

చిన్న పడవలో ఒక మనిషి, ఒక సైకిలు. మనిషి తెడ్లు వేసుకుంటూ ఒడ్డు చేరతాడు. సైకిలు దింపుకుని కొంత దూరం తొక్కుతాడు. బాట నిక్కబొడుచుకుంటుంది. ఇక తొక్కడం కుదరక సైకిలును భుజాన వేసుకుని, రాళ్లు పట్టుకుని ఎక్కుతాడు. ఎక్కగా ఎక్కగా రెండు పక్కలా లోయ జారిపోయే రాతి అంచు ఒకటి వస్తుంది. అతను దిగివచ్చేది ఆ అంచు మీద నుంచే.

2014 అక్టోబరులో వచ్చిన ‘ది రిడ్జ్’ వీడియో ఇది. తొక్కినవాడు డానీ మెకాస్కిల్. ఆ కొండలు స్కాట్లాండ్‌లోని స్కై దీవిలో ఉన్న కూలిన్ కొండలు. అతను అదే దీవిలోని డన్వెగన్ ఊరివాడు. కోట్లమంది చూసిన ఈ వీడియోలో అందరికీ గుర్తుండేది చివర్లో ముళ్లకంచె మీద నుంచి అతను ముందుకు కొట్టే పల్టీ. నాకు ఎక్కువ నచ్చేది మాత్రం ఆ ఎక్కుడు. సైకిలు మోసుకుంటూ అతను పడే పాటును కత్తిరించి పారేయకుండా ఉంచినందుకు దర్శకుడు స్టూ థామ్సన్‌ను మెచ్చుకోవాలి. ఆ భాగం లేకపోతే కొండ ఎంత పెద్దదో మనకు అందదు. కొండ కొలత అందకపోతే దిగుడు ఎంత కష్టమో కూడా అందదు.

ఇలాంటి వీడియోలు వేలల్లో ఉన్నాయి. చాలావాటిలో కొండ ఒక తెర మాత్రమే. దాని ముందు మనిషి గంతులు వేస్తాడు, పాట మోగుతుంది, అయిపోతుంది. రేపు ఆ కొండను చూపించి ఇదేదో చెప్పమంటే చెప్పలేం. నేను ఎంచుకునేవి వేరు. వీడియో ముగిశాక ఆ రాయి ఎలాంటిదో, మట్టి ఎలాంటిదో, బాట ఎక్కడ తిరిగిందో గుర్తుండాలి. ఈ కథనంలో చెప్పబోయేవన్నీ ఆ లెక్కన మిగిలినవే.

ఇక్కడి నేల

హోసూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున, మైసూరు పీఠభూమి అంచున ఉంది. 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని శూలగిరి మీదుగా కృష్ణగిరికి పోతే, ఆ యాభై కిలోమీటర్లలోనే పీఠభూమి అంచు దిగి బారామహలు నేల మీదికి వస్తాం. దారికి రెండు పక్కలా గుట్టలే. చంద్రచూడేశ్వరస్వామి గుట్ట, శూలగిరి, అంకుశగిరి, కాస్త పక్కకు పోతే రాయకోట, చివర కృష్ణగిరి దుర్గం. ఇవి మట్టి కొండలు కావు. ఎండకు కాగి, వానకు తడిసి, పొరలు పొరలుగా పెచ్చులూడి గుండ్రంగా మిగిలిన గ్రానైటు బండలు. ఇక్కడి రాయి కోయించుకుని, మెరుగు దిద్దించుకుని ఏయే దేశాలకో పోయింది. పోయినంత పోగా మిగిలిన గుట్టలు ఇంకా మన కళ్లముందే ఉన్నాయి.

బాగలూరు, బేరిగ, వేపనపల్లి, దెంకణికోట, తళి. ఈ పక్కల తెలుగు ఇంటిమాటగా ఉన్న పల్లెలు ఎన్నో. మొరసునాడు అని పెద్దలు పిలుచుకునే ఈ నేలలో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి తారురోడ్డు కాక కనీసం ఇంకో దారి ఉంటుంది. ఎద్దుబండ్లు అరగదీసిన డొంక, మేకలు తొక్కిన కాలిబాట, చెరువుకట్ట మీది నడక. కొండ సైకిలు తయారైందే ఇలాంటి దారుల కోసం. అంగట్లో దాన్ని మనం ‘గేర్ల సైకిలు’ అని అడిగి కొంటాం. కొని తారురోడ్డు మీద తొక్కుతాం. లావు టైర్లు, ముందు స్ప్రింగు ఫోర్కు, డిస్కు బ్రేకులు ఎందుకున్నాయో తెలియకుండానే సైకిలు పాతబడిపోతుంది. ఆ ‘ఎందుకు’ను చూపించడంలో మంచి వీడియోను మించిన గురువు లేదు.

హోసూరుకు ఇంకో సంగతి ఉంది. ఇది యంత్రాల ఊరు. 1980లో టీవీఎస్ 50 మోపెడ్ ఇక్కడి నుంచే దేశం మీదికి బయలుదేరింది. టైటన్ గడియారాలు ఇక్కడివే, అశోక్ లేలాండ్ లారీలు ఇక్కడివే. ఫోర్కు లోపల నూనె ఎలా ఒత్తుకుంటుందో, స్ప్రింగు ఎందుకు మెల్లగా తేలాలో తెలిసిన చేతులు ఈ ఊళ్లో వేలున్నాయి. అలాంటివాళ్లు ఒక డౌన్‌హిల్ పందెం వీడియో చూస్తే మనిషి ముఖం కన్నా ముందు ముందుచక్రాన్ని చూస్తారు. ఇనుముతో ఈ నేలకు ఉన్న నెయ్యం ఈనాటిది కాదు. కృష్ణగిరి జిల్లా మయిలాడుంపారై తవ్వకాల్లో బయటపడ్డ ఇనుము క్రీస్తుపూర్వం 2172 నాటిదని 2022 మే నెలలో తమిళనాడు ప్రభుత్వం ప్రకటించింది. నాలుగువేల రెండువందల ఏళ్ల కిందటే ఈ బండల పక్కన ఇనుము వాడుకలో ఉండిందన్నమాట.

రాయి పట్టు, రాయి జారుడు

మెకాస్కిల్ 2021 జనవరిలో ‘ది స్లాబ్స్’ అని ఇంకో వీడియో తెచ్చాడు. అదే స్కై దీవి, అవే కూలిన్ కొండలు. ఈసారి అంచు కాదు, ఏటవాలుగా కిందికి పరచుకున్న పెద్ద రాతి పలకలు. వాటిని డూ స్లాబ్స్ అంటారు. మామూలుగా కొండలెక్కేవాళ్లు చేతులూ కాళ్లూ ఆనించి పాకే చోటు. అక్కడ అతను సైకిలు మీద దిగుతాడు. విన్యాసాలు దాదాపు లేవు. బ్రేకు మీద వేలు, సీటు వెనక్కి జరిగిన ఒళ్లు, టైరు రాయిని పట్టుకుందా వదిలేసిందా అన్న ఉత్కంఠ. మన గుట్టల మధ్య పెరిగినవాళ్లు తప్పకుండా చూడవలసిన వీడియో ఏదని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదే.

కూలిన్ రాయి గ్యాబ్రో. కరుకైన రాయి. పాకేవాడి వేళ్ల చర్మాన్ని గీసేస్తుంది, టైరుకు గట్టి పట్టునిస్తుంది. అమెరికాలోని యూటా రాష్ట్రంలో మోయబ్ ఊరి దగ్గర స్లిక్‌రాక్ అని పేరుమోసిన సైకిలు బాట ఉంది. అది ఇసుకరాయి. గుర్రాల ఇనుప నాడాలు దాని మీద జారేవి కాబట్టి జారుడురాయి అన్నారు. రబ్బరు టైరుకు మాత్రం అది బాగా పట్టు దొరికే రాయి. దాన్ని చూపించే వీడియోలు లెక్కలేనన్ని ఉన్నాయి. వాటిలో మనిషి గోడలాంటి బండ మీదికి తొక్కుకుంటూ పోతుంటే నమ్మబుద్ధి కాదు. నమ్మాలి. రబ్బరుకు, పొడిరాతికి మధ్య పుట్టే పట్టు అంతటిది.

మన గ్రానైటు సంగతేమిటి? పొడిగా, శుభ్రంగా ఉన్న బండ మీద పట్టు బాగానే ఉంటుంది. ప్రమాదం రెండు చోట్ల పొంచి ఉంటుంది. ఒకటి, పెచ్చులూడిన బండ మీద పరచుకునే గరుసు. పలుకురాయి, తెల్లరాయి గింజలుగా రాలి నిలిచిపోతుంది. దాని మీద టైరు పడితే కింద గోళీలు పోసినట్టే. రెండోది, వాననీళ్లు జాలువారిన చోట పైనుంచి కిందికి నల్లగా దిగే చారలు. దూరానికి అందంగా కనిపించే ఆ చారలు నాచు పట్టిన జాడలు. తడిగా ఉన్నప్పుడు వాటి మీద కాలూ నిలవదు, చక్రమూ నిలవదు. గుట్టెక్కి మేకలు కాసే పిల్లలకు ఇది పుట్టుకతో తెలిసిన విద్య. మెకాస్కిల్ వీడియోను ఆ కళ్లతో చూస్తే అతను ఒక పలక నుంచి ఇంకో పలకకు ఎక్కడ మళ్లాడో, ఎందుకు అక్కడే మళ్లాడో అర్థమవుతుంది.

కెమెరా దాచే నిజం

కొండ సైకిలు వీడియోలు చూసేవాళ్లు మొదట తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. కెమెరా వాలును తగ్గించి చూపిస్తుంది. తలకో ఛాతీకో కట్టుకునే చిన్న కెమెరాలకు విశాలంగా చూసే కటకం ఉంటుంది. అది దగ్గరి వస్తువులను దూరంగా నెడుతుంది, కిందికి జారే నేలను దాదాపు చదునుగా పరుస్తుంది. పైగా మన కంటికి అడ్డంగా నిలిచే దిగంతరేఖ చాలాసార్లు ఆ చట్రంలో ఉండదు. శూలగిరి గుట్ట పక్కన నిలబడి ఫోన్‌తో ఫోటో తీసి చూడండి. మెడ నొప్పెట్టేలా చూసిన గుట్ట ఫోటోలో చిన్న మిట్టలా ఉంటుంది. కాబట్టి వీడియోలో కాస్త వాలుగా ఉన్నట్టు కనిపించే చోటు నిజంగా చూస్తే వెనకడుగు వేయించేదై ఉంటుంది. ఇది తెలియక వీడియో చూసిన వేడిలో సైకిలు తీసుకుని ఏదో ఒక గుట్ట మీదికి పోవడం చాలా ప్రమాదం.

2018 నుంచి ఇంకో మార్పు వచ్చింది. కుదుపును లోపలే బాగా సరిచేసే గోప్రో కెమెరాలు వచ్చాయి. రాళ్లగుట్ట మీద దిగినా కొత్త తారురోడ్డు మీద జారినట్టు కనిపిస్తుంది. చూడ్డానికి హాయిగానే ఉంటుంది. నేను మాత్రం వణికే పాత వీడియోలనే ఇష్టపడతాను. ఆ వణుకులో రాయి ఉంది. పాట పెట్టకుండా టైరు చప్పుడు, వెనకచక్రం టిక్కుటిక్కులు, మనిషి ఊపిరి వినిపించే వీడియో దొరికితే ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చూడాలి. గరుసు మీద వచ్చే చప్పుడు వేరు, ఎర్రమట్టి మీద వచ్చే చప్పుడు వేరు. చెవితోనే నేల తెలుస్తుంది.

తలకు కట్టిన కెమెరాతో తీసినవాటిలో కెల్లీ మెక్‌గ్యారీది ప్రత్యేకం. యూటాలో వర్జిన్ అనే చిన్న ఊరి దగ్గర ఎర్రమట్టి కొండల మీద 2001లో రెడ్‌బుల్ ర్యాంపేజ్ పోటీ మొదలైంది. 2013లో న్యూజిలాండ్‌కు చెందిన ఈ పొడుగుమనిషి అక్కడ 72 అడుగుల లోయ మీదుగా వెనక్కి పల్టీ కొట్టి అవతలి గట్టున దిగాడు. పోటీలో అతనికి వచ్చింది రెండో స్థానం. లోకం గుర్తుపెట్టుకున్నది అతని వీడియోను. అందులో ఆకాశం, నేల తలకిందులై మళ్లీ సరిగా నిలబడటానికి పట్టే ఆ క్షణం ఎన్నిసార్లు చూసినా ఒళ్లు జలదరిస్తుంది. 2016 ఫిబ్రవరి 1న స్వదేశంలోని ఒక కొండబాటలో సైకిలు తొక్కుతూనే అతను కుప్పకూలి చనిపోయాడు. ఆ సంగతి తెలిశాక ఆ వీడియోలో దిగిన తర్వాత అతని గొంతులో వినిపించే సంతోషం ఇంకా విలువైనదిగా తోస్తుంది.

2024 అక్టోబరులో ర్యాంపేజ్‌లో మొదటిసారి మహిళలకు పోటీ పెట్టారు. గెలిచింది న్యూజిలాండ్ అమ్మాయి రాబిన్ గూమ్స్. ఆ కొండ మీద వెనక్కి పల్టీ కొట్టిన తొలి మహిళ ఆమే. మన ఇళ్లలో ఆడపిల్లకు గేర్ల సైకిలు ఎందుకని అనేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ వీడియోను ఇంటిల్లిపాదీ కూర్చుని చూడాలి.

పార పట్టినవాళ్లు

ర్యాంపేజ్ వీడియోల్లో పోటీ రోజుకన్నా దానికి ముందు రోజులవి నాకు ముఖ్యం. అక్కడ సిద్ధంగా బాట ఉండదు. ఒక్కో సైకిలిస్టుకు ఇద్దరు తోడు. ముగ్గురూ పారలు, గడ్డపారలు పట్టుకుని రోజుల తరబడి కొండను చదును చేస్తారు, ఇసుకమూటలు పేరుస్తారు, నీళ్లు మోసి మట్టిని తొక్కి గట్టిపరుస్తారు. 2016 నుంచి మోటారు పనిముట్లు వాడకూడదన్న నియమం ఉంది. అందుకే ఆ చోటు చూస్తే మన చెరువు పూడికతీత పని గుర్తొస్తుంది. ఎండలో పార పట్టినవాడి భుజం నొప్పి మన పల్లెల్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. రెండు నిమిషాల దిగుడు వెనక ఎంత మట్టి పని ఉందో చూశాక పోటీలో ఎవరు ఓడినా మనసు వాళ్ల వైపే పోతుంది.

అమెరికాలో సేత్ ఆల్వో నడిపే ‘బర్మ్ పీక్’ చానల్ కూడా ఈ కోవలోదే. చదునైన ఫ్లోరిడాలో మొదలుపెట్టి, తర్వాత నార్త్ కరోలినా కొండల్లోకి మారిన మనిషి. తన స్థలంలో బాట వేయడం, మలుపులో మట్టిని ఒరిపెట్టి కట్టడం, వాననీళ్లు బాటను కోసేయకుండా పక్కకు మళ్లించడం ఒక్కొక్కటీ ఓపికగా చూపిస్తాడు. నీళ్లను మళ్లించే ఆ భాగాలు మన రైతులు చూస్తే గట్టు వేసే పద్ధతి గురించి అతనికే నాలుగు మాటలు చెప్పగలరు. సైకిలిస్టు బ్రాండన్ సెమెనక్ ‘అన్‌రియల్’ సినిమాలో చేసిన దిగుడు దీనికి పూర్తిగా ఎదురు కొస. 2015లో వచ్చిన ఆ భాగం మొత్తం ఒకే షాటు. సైకిలు బాటకు పక్కనే దారి వేసి, బండి మీద కెమెరా పెట్టి, ఎక్కడా కోత లేకుండా తీశారు. ఇంత చక్కగా తీసిన వీడియో ఇంకోటి లేదని చాలామంది అంటారు, కాదనలేను. కానీ అక్కడ కొండను మనిషి పూర్తిగా తన కోసం చెక్కుకున్నాడు. ఆ నైపుణ్యానికి ఆశ్చర్యపోతాను, మనసు మాత్రం కూలిన్ రాళ్ల దగ్గరే ఆగిపోతుంది.

ఈ ఆట పుట్టిన తీరు తెలుసుకోవాలంటే బిల్లీ సావేజ్ తీసిన ‘క్లంకర్జ్’ అనే డాక్యుమెంటరీ ఉంది. కాలిఫోర్నియాలో ఫెయిర్‌ఫ్యాక్స్ ఊరి పక్కన ఒక మట్టిదారి మూడు కిలోమీటర్లలో 1,300 అడుగులు దిగుతుంది. 1976 అక్టోబరు 21న చార్లీ కెల్లీ అక్కడ మొదటి పందెం పెట్టాడు. గ్యారీ ఫిషర్, జో బ్రీజ్ లాంటివాళ్లు పాత సామాను కొట్ల నుంచి తెచ్చిన ముప్పైల, నలభైల నాటి బరువైన సైకిళ్ల మీద దిగేవాళ్లు. కిందికి వచ్చేసరికి వెనకచక్రం బ్రేకు లోపలి గ్రీజు కాలి పొగలు వచ్చేది. మళ్లీ గ్రీజు నింపుకుంటే తప్ప ఇంకోసారి దిగడానికి లేదు. అందుకే ఆ దారికి రీప్యాక్ అని పేరు పడింది. 1977లో జో బ్రీజ్ ఈ పనికోసమే కొత్త చట్రం తయారుచేశాడు. 1996 అట్లాంటా నాటికి కొండ సైకిలు ఒలింపిక్ ఆట అయింది. పాత ఇనుప సైకిలు తీసుకుని, విరిగినది అతికించుకుంటూ, నలుగురు స్నేహితులు మొదలుపెట్టిన ఆట ఇరవై ఏళ్లలో అక్కడికి చేరింది. కమ్మీ బ్రేకుల హెర్క్యులిస్ సైకిలు మీద గుట్టదారి దిగిన మన తాతల తరం ఆ డాక్యుమెంటరీ చూస్తే ఒక్క మాట కూడా కొత్తగా అనిపించదు.

పడటం, లేవడం

2009 ఏప్రిల్‌లో మెకాస్కిల్‌ను లోకానికి తెలిపిన ‘ఇన్‌స్పైర్డ్ బైసికిల్స్’ వీడియో కొండది కాదు, ఎడిన్‌బరో ఊరి వీధులది. అప్పుడతను ఒక సైకిలు కొట్లో మెకానిక్. స్నేహితుడు డేవ్ సోవర్బీ ఖాళీ దొరికినప్పుడల్లా నెలల తరబడి తీశాడు. అందులో ఇనుప మొనలున్న కంచె మీద సైకిలు నడిపే ప్రయత్నంలో అతను పడిపోవడాన్ని దాచలేదు. మెకానిక్ షాపులో పనిచేసే మన కుర్రాళ్లకు ఈ సంగతి ఎవరైనా చెప్పాలి. సైకిలు విప్పి బిగించడం వచ్చినవాడికే సైకిలు మీద అంత నమ్మకం వస్తుంది.

పందెం వీడియోల్లో ఒక్కటే చెప్పాలంటే 2011 సెప్టెంబరులో స్విట్జర్లాండ్‌లోని షాంపెరీలో జరిగిన ప్రపంచ డౌన్‌హిల్ పోటీ. జోరువాన. అడవిబాట మొత్తం బురద, చెట్ల వేర్లు. పంతొమ్మిదేళ్ల డానీ హార్ట్ ఆ బురదలో పదకొండు సెకన్లకు పైగా తేడాతో గెలిచాడు. సెకనులో వందో వంతుతో గెలుపోటములు తేలే ఆటలో పదకొండు సెకన్లంటే మాటలు కాదు. వ్యాఖ్యానం చెప్పే రాబ్ వార్నర్ గొంతు మధ్యలో అదుపు తప్పుతుంది. ఇంగ్లీషు రానివాళ్లు కూడా ఆ గొంతు వింటే అక్కడ ఏం జరుగుతోందో గ్రహిస్తారు.

మనకు దగ్గరి మనిషి కథ కావాలంటే ‘ఆర్‌జే రిప్పర్’ చూడాలి. 2018లో జోయీ షుస్లర్ తీశాడు. ఖాట్మండు కుర్రాడు రాజేశ్ మగర్, అందరూ పిలిచేది ఆర్‌జే అని. డొక్కు సైకిలుతో మొదలుపెట్టి ఇరవై ఒక్క ఏళ్లకే నాలుగుసార్లు నేపాల్ జాతీయ చాంపియన్ అయ్యాడు. ఇరుకు సందులు, కరెంటు తీగలు, పావురాలు, అరుపులు, వాటి వెనక హిమాలయం. ఇప్పటిదాకా చెప్పినవాటిలో మన వీధుల రంగు, మన వీధుల చప్పుడు ఉన్నది ఇదొక్కటే. బయటి దేశంవాళ్లు మన పక్కకు వచ్చి తీసిన వీడియోల్లో మన మనుషులు సాధారణంగా పక్కన నిలబడి చేతులు ఊపేవాళ్లు. ఇక్కడ ఆ చేతులు ఊపే పిల్లవాడే కథానాయకుడు.

ఇంకొకటి చెప్పకుండా ముందుకు పోలేను. మార్టిన్ యాష్టన్ బ్రిటన్‌లో పేరుమోసిన విన్యాసాల సైకిలిస్టు. 2012లో సన్నటి టైర్ల రేసింగ్ సైకిలు మీద కొండ సైకిలు విద్యలన్నీ చేసి చూపించిన ‘రోడ్ బైక్ పార్టీ’తో ప్రపంచమంతా తెలిశాడు. మరుసటి ఏడాది ఒక ప్రదర్శనలో పడి వెన్నెముక దెబ్బతిని నడుము కింద చచ్చుబడిపోయింది. తీస్తూ ఉన్న రెండో వీడియో సగంలో ఆగింది. దాన్ని మెకాస్కిల్, క్రిస్ ఆక్రిగ్ పూర్తి చేశారు. 2015లో ‘బ్యాక్ ఆన్ ట్రాక్’ వచ్చింది. వేల్స్‌లోని ఆంతుర్ స్తినియోగ్ కొండబాటలో, తనకోసం మార్చి కట్టిన సీటున్న సైకిలు మీద యాష్టన్ మళ్లీ దిగుతాడు. తొక్కడం లేదు, వాలు తీసుకుపోతుంది. స్నేహితులు ముందూ వెనకా. సాహసం గురించి తీసిన వీడియోలన్నిటిలో ఇది నాకు అతి ప్రియమైనది. పడితే ఏమవుతుందో దాచకుండా చెప్పి, ఆ తర్వాత కూడా కొండను ప్రేమించవచ్చని చూపిస్తుంది.

మన గుట్టల దగ్గర

చూసినదంతా చూశాక ఎవరికైనా కలిగే కోరిక ఒకటే. ఇలాంటిది మన దగ్గర ఎవరైనా తీస్తే? తీయవచ్చు. 2016లో జియో వచ్చాక చూడటం చవకైంది, ఫోన్లతోనే తీయడమూ కుదురుతోంది. కానీ ఎక్కడ తొక్కకూడదో ముందు తెలియాలి.

చిలీలో వల్పరాయిసో అనే కొండ ఊళ్లో మెట్లవరసల మీదుగా సైకిళ్ల పందెం జరుగుతుంది. ఫిలిప్ పోల్చ్ తలకెమెరాతో తీసిన ఆ పరుగు చాలామంది చూసే ఉంటారు. అది చూసి గుడి మెట్ల వైపు కన్నుపోవడం సహజం. పోకూడదు. చంద్రచూడేశ్వరస్వామి గుట్ట మెట్లు ముసలివాళ్లూ పసిపిల్లలూ ఎక్కే చోటు. రాయకోట, కృష్ణగిరి దుర్గాలు కాపాడుకోవలసిన పాత కట్టడాలు. కృష్ణగిరి దుర్గం మీద సయ్యద్ బాషా దర్గాకు జనం ఎక్కుతూ ఉంటారు. శూలగిరి పక్కన మల్లచంద్రం గుట్ట మీద ఉన్న రాతిగూళ్లు వేల ఏళ్ల నాటి సమాధులు. వాటి పక్కన చక్రం తిరగరాదు. పాడుబడ్డ క్వారీల అంచుల దగ్గరికి అసలే పోవద్దు. లోతు తెలియని నీళ్లుంటాయి, అంచు రాయి ఎప్పుడు విరుగుతుందో తెలియదు.

అడవి సంగతి మరీ ముఖ్యం. దెంకణికోట, అంచెట్టి వైపు అడవులు 2014లో కావేరి ఉత్తర వన్యప్రాణి అభయారణ్యం అయ్యాయి. 2022లో దానికి దక్షిణాన కావేరి దక్షిణ అభయారణ్యం వచ్చింది. అనుమతి లేకుండా లోపలికి పోవడం నేరం. చలికాలంలో రాగులు కోతకొచ్చే వేళకు బన్నేరుఘట్ట వైపు నుంచి ఏనుగుల మందలు తళి, జవళగిరి మీదుగా దిగి సానమావు అడవి దాకా వస్తాయి. సైకిలుకు చప్పుడు లేదు. మలుపు తిరిగేదాకా ఏనుగుకు మన రాక తెలియదు, మనకు దాని ఉనికి తెలియదు. ఆ నెలల్లో అడవి అంచు పల్లెల్లో బయలుదేరే ముందు టీకొట్టు దగ్గర ఆగి “అన్నా, ఏనుగులు ఎటుపక్క ఉండాయి?” అని అడిగి కదలాలి. వాళ్లకు రాత్రే తెలిసి ఉంటుంది.

ఇవన్నీ పోగా మిగిలేది తక్కువేమీ కాదు. బాగలూరు నుంచి బేరిగ వైపు పొలాల మధ్య డొంకలున్నాయి. కృష్ణగిరి చుట్టూ మామిడితోటల పక్కన ఎర్రమట్టి దారులున్నాయి. ఊరి పెద్దలను అడిగితే చూపించే చిన్న చిన్న బండమిట్టలున్నాయి. మొదలుపెట్టేవాళ్లు పల్టీల వీడియోలు పక్కనపెట్టి, 2015లో మొదలైన జీఎంబీఎన్ చానల్‌లో పాఠాలు చూడాలి. అక్కడ నేర్పినవాళ్లలో యాష్టన్ కూడా ఉన్నాడు. సీటు దించుకోవాలి. పెడళ్లు రెండూ ఒకే ఎత్తున ఉంచి వాటి మీద నిలబడాలి, మడమలు కిందికి వంచాలి. ముందుచక్రం దగ్గర కాకుండా పది, పదిహేను అడుగుల ముందు చూపు పెట్టాలి. రెండు బ్రేకులూ మెల్లగా, కలిపి నొక్కాలి. టైర్లలో గాలి తారురోడ్డుకు పట్టేదానికన్నా కొంచెం తగ్గించాలి. హెల్మెట్టు, చేతితొడుగులు లేకుండా బండ ఎక్కకూడదు. ఒంటరిగా పోకూడదు. దారిలో చేను పంట మీద ఉంటే గట్టు తొక్కకుండా చుట్టు తిరిగి పోవాలి, రైతు కనబడితే దిగి రెండు మాటలు మాట్లాడాలి. రేపు కెమెరా పట్టుకుని వచ్చినప్పుడు ఆ గుట్టకు ఏ పక్క నుంచి ఎక్కాలో చెప్పేది ఆయనే.